మూల కట్టినవాడు

నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. అందుకే కనబడ్డ ప్రతి కాగితాన్నీ కూడబలుక్కుని చదువుతాను. మందు డబ్బాలోని చీటీ, కరెంటు బిల్లు, ఎవరిదో పెళ్లి పత్రిక, ఏదైనా సరే. మొన్న మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క మీద, నూనె మరకల కింద, చీనా దేశంలోని ఒక చిన్న జాతి గురించి రాసి ఉంది. పేరు దగ్గర ఆగిపోయాను. బు, యె, య్. బుయెయ్. బజ్జీలు చల్లారిపోయాయి.

రాతి ఇళ్లలో ఉంటారట. ఇంటికప్పు కూడా రాతి పలకలేనట. ఆడవాళ్లు బట్ట మీద మైనంతో ముగ్గులేసి నీలి రంగులో ముంచుతారట. పండగనాడు అన్నానికి రంగులు పట్టిస్తారట. ఆకును పెదాల మీద పెట్టి పాట ఊదుతారట.

అన్నీ నిజమే. కానీ రాసినాయన వాళ్లలో ఒక్కడినీ దగ్గరగా చూసి ఉండడు. నేను ఒకణ్ని చూశాను. ఒక చలికాలం వాడి పక్కన రాయి పెట్టాను. వాడంటే నాకు పడేది కాదు. ఇప్పటికీ పడదు. ఎందుకో చెప్తాను.

అప్పటికి నాకు మీసాలు సరిగ్గా మొలవలేదు. మేం వడ్డెరలం, గుట్ట మీద రాయి కొట్టి బతికేవాళ్లం. మా గుట్టలు కాంట్రాక్టర్ల మిషన్ల పాలయ్యాక మా మేనమామ ముందుగా ఖతర్ పోయి, కుదురుకున్నాక నన్నూ పిలిపించుకున్నాడు. ఇంట్లోవాళ్లు మాత్రం ఊరందరికీ "పోరడు దుబాయ్ పోతున్నడు" అనే చెప్పుకున్నారు. ఖతర్ అనడానికి వాళ్లకు నోరు తిరగలేదు. నాకూ తిరగలేదు.

నేలలోంచి నూనె, నూనెలోంచి డబ్బు ఉబికి వస్తున్న కాలం అది. పొద్దున ఒక షేకుకు ఆలోచన పుడితే సాయంత్రానికి అక్కడ పునాది తవ్వేవాళ్లు. దోహాలో అంతా సిమెంటూ గాజూ. మా పని మాత్రం బాగా ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ దాటాక సముద్రం పక్కన. ఒక ముసలి అరబ్బుకు తన తాతల కాలపు ఇల్లులాంటిది కావాలనిపించింది. చుట్టూ నిలువెత్తు రాతి గోడ, దానికి నాలుగు మూలలు, మధ్యలో వచ్చేపోయేవాళ్లు కూర్చునే గది. సిమెంటు ఇటుక కంటికి కనబడకూడదు. కంపెనీవాళ్లు రాయి తెలిసినవాళ్ల కోసం వెతికి మమ్మల్ని పట్టుకున్నారు. మామ మేస్త్రి. నాతో కలిపి పదిమందిమి ఆయన చేతికింద.

రాతి గోడలో మూల కట్టేవాడే అసలు పనివాడు. రెండు మూలలు నిలబడ్డాక వాటి మధ్య దారం కట్టి నింపుకుంటూ పోవడం ఎవడైనా చేస్తాడు. మూల వంకరపోతే గోడంతా వంకరే. మామ కూతుర్ని నాకిచ్చే మాట నా చిన్నప్పటినుంచీ ఇంట్లో నలుగుతున్నదే. కానీ నేను ఖతర్‌లో దిగిన రోజున, క్యాంపుకు పోయే బస్సులోనే మామ తేల్చేశాడు.

"అల్లుడా, ఒక్క మాట ఇను. నింపుడు పని చేసెటోనికి నా బిడ్డనియ్య. మూల కట్టు. అది చూసి నేనే ఇంటికి ఉత్తరం రాపిస్త, లగ్గం పెట్టుకోమని."

నవ్వుతూనే అన్నాడు. కానీ మామ రాయి విషయంలో ఉత్తమాట ఆడే మనిషి కాదు.

మొదటి రెండు మూలలు ఆయనే కట్టాడు. మూడోది నాదేనని నేను లెక్కేసుకున్నాను. అంతలో వాడొచ్చాడు.

మా ఫోర్‌మన్ మిస్రీవాడు, ఈజిప్టు మనిషి, మాట్లాడితే అరిచినట్టుండేది. దోహాలో పనిచేసే చీనావాళ్ల గుంపులోంచి ఒకణ్ని బండిలో తెచ్చి మా ముందు దింపి, పలక రాయి పేరుస్తాడట చూసుకోండని పోయాడు. పొట్టి మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి. తెల్ల సుడులున్న ముదురు నీలం బట్టలో పనిముట్లు చుట్టుకొచ్చాడు. విప్పితే అందులో ఒక్క సుత్తె, అంతే.

"ఉలి లేదు, సమ్మెట లేదు. రాతిపనికొచ్చిండా, పెండ్లికొచ్చిండా?" అన్నాను. అందరూ నవ్వారు.

ఆ సముద్రపు రాయి మాకు కొత్త. మా ఊరి నల్లరాయి పది దెబ్బలు తిన్నా పలకదు. ఇదేమో ఒక్క దెబ్బకే పొడైపోయేది. లోపల గవ్వలుండేవి, పగిలితే ఎండుచేపల వాసన కొట్టేది. మేం నల్లరాయిని కొట్టినట్టే కొట్టి సగం రాయి పాడుచేశాం. వాడు ఒక రాయిని ఒళ్లో పెట్టుకుని చంటిపిల్లని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, అంచు మీద ఒక్కసారి తట్టాడు. పొరల చపాతీ విప్పినట్టు అది రెండు పలకలైంది.

మామ లేచి నిలబడ్డాడు. ఒకడి పని చూసి మామ లేచి నిలబడటం నేను పుట్టాక అదే చూడటం.

"ఓరి నీ! ఇంకోటి కొట్టు తమ్మీ."

వచ్చిన రోజే తమ్మి అయ్యాడు. నాకేమో ఇంకా "ఓరి పోరడా" అనే పిలుపే.

మధ్యాహ్నం అన్నాల దగ్గర వాడి సంగతి చూద్దామనుకున్నాను. నా ఉల్లికారంలో ఇంకో గుప్పెడు ఎండుకారం కలిపి వాడి గిన్నెలో వేశాను. అందరూ ముద్ద ఆపి చూస్తున్నారు. వాడు తిన్నాడు. కళ్లు పెద్దవి చేశాడు. నా చెయ్యి పట్టుకుని ఇంకా వెయ్యమన్నాడు. తర్వాత పరిగెత్తుకుంటూ పోయి తన పెట్టెలోంచి ఒక సీసా తెచ్చాడు. అందులో పుల్లబెట్టిన మిరపకాయలు. మామ ఒకటి కొరికి, ముక్కు తుడుచుకుంటూ, "అల్లుడా, వీడు మనోడేరా!" అన్నాడు. నాకు నోరంతా మండింది. నేను ఆ మిరపకాయ ముట్టలేదు.

ఇంకొకడి గిన్నెలో చెయ్యి పెట్టని మామ, ఆ రోజునుంచి వాడి గిన్నెలో తిన్నాడు. వాడు ఒకరకం జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించి, చేత్తో ముద్దలు చేసి పెట్టేవాడు. మొక్కజొన్న గట్క తిన్నట్టే కడుపులో నిలుస్తుందని మామ మురిసిపోయేవాడు. వాడు వేళ్లు చూపించి, రంగులు చూపించి, పండగకైతే ఈ అన్నం నలుపు, పసుపు, ఎరుపు అని సైగలతో చెప్పేవాడు. మామకు అన్నీ అర్థమయ్యేవి. నేను తెలుగులో చెప్పినవి మాత్రం రెండుసార్లు చెప్పించుకునేవాడు.

ఫోర్‌మన్ వాణ్ని "సీనీ" అని, చీనావాడా అన్నట్టు, పిలిచినప్పుడల్లా వాడు తల అడ్డంగా ఊపి, జేబులోంచి ఒక కార్డు తీసి, ఒక గీత మీద వేలు పెట్టి "బుయెయ్" అనేవాడు. ఫోర్‌మన్ "కుల్లు వాహిద్, అంతా ఒకటే" అని నవ్వేవాడు. అందరికంటే గట్టిగా నేను నవ్వేవాణ్ని. నాకప్పుడు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. అయినా ఆ గీత మీద వాడి వేలు ఆగిన తీరు చూసి కడుపు మండింది. ఒక మనిషి తన జాతి పేరును వేలితో చూపించగలుగుతున్నాడు. నన్ను చూపించమంటే ఎక్కడ చూపించాలి? నా పాస్‌పోర్టులో నా పేరు ఏ పక్క ఉందో కూడా నాకు తెలియదు.

ఒక సాయంత్రం మామ అడిగాడు, మీరెవరు, చీనావాళ్లు కారా అని. వాడు ఇసకలో పెద్ద గుండ్రం గీశాడు. దాని కింది అంచున ఒక చిన్న రాయి పెట్టాడు. ఆ రాయిని చూపించి తన ఛాతీ తట్టుకున్నాడు. తర్వాత ఇల్లు గీశాడు. గోడ రాయి, కప్పు రాయి, అరుగు రాయి. చీనావాళ్ల మాట వేరు, మా మాట వేరు అని నోరు చూపించి చెప్పాడు. మామ పక్కనే ఇంకో గుండ్రం గీసి, అందులో ఒక రాయి పెట్టి తన ఛాతీ తట్టుకున్నాడు.

"చూసినవా అల్లుడా? గింత పెద్ద దేశంల గీళ్లు గింతే. మన లెక్కనే. రాయిని నమ్ముకున్నోళ్లు."

అప్పటిదాకా ఆ దేశంలో మనం అంటే నేనూ మామా. ఆ సాయంత్రంతో ఆ మాటలో వాడు కూడా వచ్చి కూర్చున్నాడు.

క్యాంపు వెనక ఒకే ఒక రేగుచెట్టు ఉండేది. వాడు దాని ఆకు తుంపి పెదాల మధ్య పెట్టి ఊదేవాడు. సన్నటి గొంతుతో ఎవరో ఆడపిల్ల గుట్ట అవతలినుంచి పిలుస్తున్నట్టుండేది. వాళ్ల దగ్గర మగపిల్లలూ ఆడపిల్లలూ అలా పాటలతోనే ఒకరినొకరు ఎంచుకుంటారని చెప్పాడు. మామ బదులుగా బండ లేపేటప్పుడు పాడే పాట ఎత్తుకునేవాడు. ఇద్దరికీ మాట కలవదు, పాట ఎలా కలిసేదో. ఒకరోజు ఎవరూ లేకుండా చూసి నేనూ ఆకు ఊదాను. ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. అక్కడ మేస్తున్న మేక ఒకటి నన్ను చూసి మొహం తిప్పుకుంది.

మూడో మూల వాడికిచ్చాడు మామ. నన్ను నింపుడు పనిలో పెట్టాడు.

"ఎందుకు మామా, నాకు చాత గాదా?"

"చాతనైతది. వాని చెయ్యి చూడు ముందుగాల. చూస్తే ఏం పోతది?"

చూశాను. కళ్లలో కారం పెట్టుకుని చూశాను. వాడు రాయిని ఎన్నిసార్లు తిప్పుతాడో, ఏ వేలితో అంచు తడుముతాడో, ఒక పొడుగు పలక ఇటు పెడితే దాని పై వరసలో అటు ఎలా మారుస్తాడో, చిన్న రాతి చిప్ప ఎక్కడ దూరుస్తాడో, అన్నీ చూశాను. తప్పు దొరుకుతుందేమోనని చూశాను. దొరకలేదు. మూల తల ఎత్తు దాటింది. మామ గుండు కట్టిన దారం వేలాడదీసి చూసి, వాడి భుజం మీద చెయ్యి వేశాడు. "నాలుగోది గూడ తమ్మి కడతడు" అన్నాడు.

నాలుగుతో మూలలు అయిపోతాయి. నాకు ఇక ఏదీ మిగలదు. ఉత్తరమూ లేదు, లగ్గమూ లేదు.

ఆ వారమే మామ తన గుర్తింపు కార్డు పని మీద దోహా పోయాడు. నేను గోడ వరసలో మూడు వెడల్పాటి రాళ్లు నిలబెట్టి వచ్చాను. మేం మా ఊళ్లో అలాగే చేస్తాం, రాయికి అందమైన మొహం ఏదో అది బయటికి కనబడేలా నిలబెడతాం. అన్నం తిని వచ్చేసరికి వాడు ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా కిందికి దింపుతున్నాడు.

"ఏయ్ చీనోడా! ఏం జేస్తున్నవ్ రా నా గోడను?"

వాడు నవ్వాడు. రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, తట్టి, "తయ్యిబ్" అన్నాడు, బాగుంది అని. తర్వాత రెండు చేతులనూ నిలువుగా ఆనించి, బయటిదాన్ని పొర ఊడినట్టు పక్కకు లాగి, నోటితో "ఫూ" అన్నాడు. మళ్లీ ఇంకోసారి చేసి చూపించాడు. నాకు సగం అర్థమైంది. ఆ సగాన్ని తొక్కిపెట్టాను.

అప్పుడే నీళ్ల ట్యాంకరుతో పాటు ఫోర్‌మన్ వచ్చాడు. నేను పరిగెత్తాను.

"ముదీర్, షుఫ్! యే సీనీ దీవార్ తోడ్తా!" గోడ పడగొడుతున్నాడు చూడమని.

కింద మూడు రాళ్లు, గోడలో మూడు సందులు. ఫోర్‌మన్ చూశాడు. "రోజ్?" అన్నాడు, రోజూ ఇంతేనా అని.

"రోజ్" అన్నాను.

ఆ ఒక్కటే అబద్ధం. అదే సరిపోయింది. ఫోర్‌మన్ అరిచాడు, వాడు మళ్లీ చేతులతో పొర ఊడటం చూపించాడు, ఫోర్‌మన్ ఇంకా గట్టిగా అరిచాడు. వాడు నావైపు చూశాడు. నేను రాళ్లవైపు చూశాను. సుత్తెను నీలం బట్టలో చుట్టుకుని వాడు బండెక్కాడు. ఎక్కేముందు ఆ మూడు రాళ్లనూ గోడ పక్కన వరసగా పడుకోబెట్టి పోయాడు.

మామ మర్నాడు వచ్చాడు.

"తమ్మి ఏడిరా?"

"ఫోర్‌మన్ తోల్కపోయిండు. దోహల పనున్నదట."

"ఏమన్న చెప్పి పోయిండా?"

"ఏం చెప్తడు? మాట రాదాయె."

నాలుగో మూల నాకొచ్చింది. వెడల్పు మొహాలున్న రాళ్లన్నీ ఏరి నిలబెట్టాను. ఎండ పడితే ఆ మూల మీగడ రంగులో మెరిసేది. ఫోర్‌మన్ మాషాల్లా అన్నాడు. మామ దారం వేసి చూశాడు. మూల నిటారుగానే ఉంది. "మంచిగున్నది" అని, స్టోర్‌లో పనిచేసే చదువుకున్నాయన దగ్గర కూర్చుని ఇంటికి ఉత్తరం రాయించాడు. నేను పక్కనే నిలబడి, ఆ పెన్ను ఏ గీత దగ్గర నా పేరు రాస్తోందో తెలియక, ప్రతి గీతనూ నా పేరే అనుకుని చూశాను.

ఆ చలికాలం చివర్లో వానలు పడ్డాయి. అక్కడ వాన అంటే పండగే, అరబ్బులు కార్లు ఆపి తడుస్తారు. తర్వాత ఎండ కాసింది. మళ్లీ చినుకులు, మళ్లీ ఎండ. నా మూల మీద తెల్లగా ఉప్పు పొంగింది. ముసలి అరబ్బు చూడటానికొచ్చిన రోజు, ఆయన గోరు పెట్టి లాగితే రాతి మొహం అప్పడంలా ఊడి చేతికొచ్చింది. దాని పక్కది కూడా. ఆ రాయి సముద్రం అడుగున పొర మీద పొరగా పడుకుని పుట్టింది. అది ఎలా పడుకుందో గోడలోనూ అలాగే పడుకోబెట్టాలి. నిలబెడితే పొరలు విడిపోతాయి. మా నల్లరాయికి పొరలుండవు కాబట్టి మాకు తెలియదు. వాడి మూల మాత్రం నీళ్లు కారిపోయి కడిగినట్టుంది.

"ఎవరు కట్టారు?" అని ఫోర్‌మన్ అరిచాడు.

"నేనే" అన్నాడు మామ.

అందరూ పోయాక మామ ఊడిన పొరను చేతిలోకి తీసుకుని అంచు తడిమి చూశాడు.

"తమ్మికి తెలుసుగదరా ఈ సంగతి. నీకు చెప్పలేదా?"

నేను కింద రాలిన ఉప్పును కాలితో ఇసకలోకి రాశాను.

"ఫోర్‌మన్‌కు నువ్వేమన్న చెప్పినవా?"

"చెప్పిన."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. "పోయి తోల్కరా" అన్నాడు. అంతే.

శుక్రవారం సెలవు. దోహాలో చీనావాళ్ల క్యాంపు గేటు దగ్గరికి పోయాను. నేపాలీ వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు.

"చీనీ" అన్నాను.

అతను వెనక్కి తిరిగి ముంగిట్లోకి చూశాడు. బట్టలారేసేవాళ్లు, పేకాడేవాళ్లు, గిన్నెలు పట్టుకుని తినేవాళ్లు. అతనికి నవ్వాగలేదు. "అందర్ సబ్ చీనీ హై, భాయ్. కౌన్సా చీనీ?" అన్నాడు, లోపలంతా చీనావాళ్లే, ఏ చీనావాడు అని.

వాడి పేరేమిటో నాకు తెలియదు. మూడు నెలలు పక్కపక్కన పనిచేశాం, నేను అడగలేదు. బుయెయ్, బుయెయ్ అన్నాను. జీవితంలో ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. అక్కడున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆకు ఊదినట్టు చేసి చూపించాను. అప్పుడొకతను గుర్తుపట్టి నవ్వి, చేతిని విమానంలా పైకి లేపాడు. "మాఫీ" అన్నాడు. లేడు.

తిరిగొచ్చి మూల విప్పాను. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు మామ. ఒక్కో రాయినీ ఒళ్లో పెట్టుకుని తిప్పాను. అంచు తడిమాను. తట్టాను. చపాతీలా విడింది. పొడుగు పలక ఇటు, పై వరసలో అటు, సందులో చిప్ప. నాకెవరూ నేర్పలేదు. కుళ్లుకుంటూ చూసిందంతా చేతుల్లోకి దిగిపోయి ఉంది. పన్నెండో రోజుకు మూల తల ఎత్తు దాటింది. మూడో మూలనూ దీన్నీ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేరు.

మామ దారం కూడా వెయ్యలేదు. అరచేత్తో కిందినుంచి పైదాకా నిమిరాడు.

"పక్కాగున్నది" అన్నాడు. "కానీ ఇది నీ చెయ్యి గాదు."

పిల్లనిచ్చాడు. మాట తప్పలేదు. నేను చేసిన పని మామ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. కానీ బతికున్నంతకాలం, ఖతర్ మాట వస్తే చాలు, నా ముందే నలుగురికీ చెప్పేవాడు: "నాలుగు మూలలు గట్టినం. రెండు నేను, రెండు మా బుయెయ్ తమ్మి." నాలుగోదానికి రాళ్లు మోసి, వేళ్లు చితగ్గొట్టుకుని కట్టింది నేను. కాదని ఒక్కసారైనా అనలేకపోయాను.

తిరిగొచ్చాక మేం ఇల్లు కట్టుకున్నాం. ముందు గోడ మొత్తం నా చేత్తో లేపాను. మామ అప్పటికి చూపు తగ్గి, కర్ర పట్టుకుని వచ్చాడు. మూల దగ్గర నిలబడి చేత్తో నిమిరి, ఒకచోట వేలు ఆపాడు.

"తమ్మి అయితే గీడ ఒక సన్నపలక వేసెటోడు" అన్నాడు.

ఆయన పోయాక ఆ రాయి ఊడదీసి సన్నపలక వేశాను. గోడ అతికినట్టు కుదిరింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.